బరంపురమా, రాయగడా? రోజులు బాగోలేనప్పుడు ఏ ఊరు మేలు?

మా బావమరిది రెండో బట్టల కొట్టు పెడదామని తిరుగుతున్నాడు. ఒడిశాలోని బరంపురంలోనా, రాయగడలోనా అని ఇంట్లో నెల రోజులుగా ఇదే గోల. నేను బరంపురంలో పుట్టినవాణ్ణి, రాయగడలో మావయ్య కొట్లో చాలా ఏళ్లు పద్దులు రాసినవాణ్ణి. బేరాలు బాగున్న రోజుల్లో ఏ ఊరైనా ఒకటే. రోజులు తిరగబడ్డప్పుడు అరువు పుస్తకం ఎంత లావెక్కుతుంది, మళ్లీ ఎన్నాళ్లకి పలచబడుతుంది అన్నదే నా లెక్క.

రాయగడ 1992లో కోరాపుట్ నుంచి విడిపోయి జిల్లా అయింది గానీ, అంతకు ముందు నుంచీ అక్కడ బజారును నడిపేది ఫ్యాక్టరీలే. జేకేపూర్‌లో కాగితం మిల్లు, తెరుబలిలో స్టెయిన్‌లెస్ స్టీలులో కలిపే ఫెర్రోక్రోమ్ ఫ్యాక్టరీ, తర్వాత టికిరి దగ్గర అల్యూమినియానికి ముడిసరుకు చేసే ఉత్కళ్ అల్యూమినా. వీటి సరుకు ధర మన ఊళ్లో తేలేది కాదు. 2008 జులైలో టన్ను 3,300 డాలర్లు దాటిన అల్యూమినియం 2009 ఫిబ్రవరికి 1,300 లోపుకి పడిపోయింది. స్టెయిన్‌లెస్ స్టీలుకి గిరాకీ తగ్గి ఫెర్రోక్రోమ్ ధర కూడా కూలింది.

అప్పుడు పుస్తకంలో చూసిందేమిటంటే, పర్మనెంట్ ఉద్యోగి ఎప్పటిలాగే జీతం రోజు సాయంత్రం వచ్చి బాకీ కట్టి వెళ్లేవాడు. పేజీలు పెరిగింది కాంట్రాక్టు కూలీలకి, లారీ ఓనర్లకి, లోడింగ్ వాళ్లకి. ధర కోలుకున్నాక కూడా వీళ్లని పిలిచేది ఆఖరునే. 2021లో అల్యూమినియం మళ్లీ 3,000 డాలర్లు దాటింది, పేపర్లలో ఒకటే సంబరం. ఆ సంబరం మా గల్లాపెట్టె దాకా రాలేదు. పెరిగిన లాభం కంపెనీ ఖాతాలోకి పోతుంది, కూలి రేటు అక్కడే ఉంటుంది.

బరంపురం సంగతి వేరు. చుట్టూ ఆస్కా, హింజిలి, పురుషోత్తంపూర్ పల్లెల నుంచి లక్షల్లో జనం సూరత్ పవర్‌లూమ్‌లలో పని చేస్తారు. గోపాల్‌పూర్ వైపు మన తెలుగు నోళియా బెస్తలు కూడా సముద్రం పని కోసం బయటి రాష్ట్రాలకి పోతుంటారు. ఒకప్పుడు సూరత్ డబ్బు టప్పావాలాలు ఇంటికి తెచ్చి చేతికిచ్చేవాళ్లు, ఇప్పుడు ఫోన్‌లో వచ్చి పడుతోంది.

మగ్గం మీద కూలి మీటరు లెక్క. మగ్గం ఆగితే కూలి డబ్బూ ఆగుతుంది. 2016 నవంబరులో నోట్లు రద్దయినప్పుడు సేట్ల దగ్గర కూలి ఇవ్వడానికి నగదు లేక కుర్రాళ్లు చాలామంది ఇంటికొచ్చేశారు. 2017 జులైలో జీఎస్టీ మీద సూరత్ బట్టల వ్యాపారులు రెండు వారాలకు పైగా మార్కెట్లు మూశారు. రెండుసార్లూ నెల తిరగకుండా ఆ దెబ్బ మా బజారుకి తెలిసింది. కానీ మగ్గాలు తిరగడం మొదలయ్యాక పూరీ-అహ్మదాబాద్ బండి నిండిపోయింది, మరుసటి నెలకి డబ్బు వచ్చింది. తొందరగా పడుతుంది, తొందరగా లేస్తుంది. (ఆ బండి రాయగడ మీదుగానే పోతుంది. అక్కడ ఎక్కేవాళ్లు మాత్రం తక్కువ.)

ఇంకొకటి, 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఊళ్లో పంట పోయింది, పైకప్పులు పోయాయి. సూరత్‌లో మగ్గం మాత్రం ఆగలేదు. ఆ ఏడాది రేకులు, సిమెంటు కొన్నది చాలావరకు ఆ డబ్బుతోనే. ఇక్కడ గాలివానకి అక్కడి కూలి బీమాలా పనిచేసింది. దానికి తోడు మెడికల్ కాలేజీ, యూనివర్సిటీ జీతాలు, పట్టు నేత, అప్పడాలు, రెండేళ్లకోసారి ఠాకురాణి జాతర ఉన్నాయి. అన్నీ చిన్నవే, కానీ అన్నీ ఒకేసారి ఆగిపోవు.

ఈ మాట 2020లో నాకు గొంతులో అడ్డం పడింది. మే మొదట్లో సూరత్ నుంచి శ్రామిక్ రైళ్లు బరంపురం దగ్గర జగన్నాథ్‌పూర్ స్టేషన్‌కి రావడం మొదలైంది. వచ్చేది డబ్బు కాదు, మనుషులు. ఒకే పని మీద ఇంతమంది ఆధారపడితే ఏమవుతుందో అప్పుడు చూశాం. రాయగడలో అదే సమయానికి, ఆపకుండా నడవాల్సిన ఫ్యాక్టరీలకి లాక్‌డౌన్‌లోనూ అనుమతి ఉండేది కాబట్టి జీతాలు కొంతైనా నడిచాయి. కాగితం మిల్లు వాళ్లకి మాత్రం స్కూళ్లు మూతపడి నోటుపుస్తకాల గిరాకీ పోయిందని టెన్షన్. నిజం చెప్పాలంటే ఆ ఒక్క ఏడాది రాయగడే మేలు.

అయినా కొట్టుకి నేను బరంపురమే అంటాను. మేనల్లుడికి ఉద్యోగం గురించి అడిగితే జవాబు మారుతుంది: పర్మనెంట్ పోస్టు దొరికితే రాయగడే, కాంట్రాక్టు అయితే వద్దు.

"బడా బజార్‌లో అద్దె మండిపోతోంది బావా" అని బావమరిది నిన్న ఫోన్ చేశాడు. హింజిలి బస్సులు ఆగే వైపు చూడమన్నాను. అరువు పుస్తకాలు మాత్రం రెండు పెట్టమన్నాను. సూరత్ ఇళ్లది వేరుగా రాయాలి, అందులో రెండు నెలలకు మించి బాకీ ఉంచకూడదు.