రిచ్‌మండ్ యుద్ధకాలపు రేవు: పడవలో వెళ్ళండి, రాత్రి మాత్రం ఉండకండి

శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చిన మనవాళ్ళు ఆల్కట్రాజ్ జైలు చూడ్డానికి వారాల ముందే టికెట్లు కొనేస్తారు. బే (సముద్రపు పాయ)కి అవతలి ఒడ్డున, యుద్ధకాలంలో ఓడలు కట్టిన రిచ్‌మండ్‌లో, రెండో ప్రపంచయుద్ధపు హోంఫ్రంట్ (యుద్ధం కోసం ఇంటిపట్టున జనం చేసిన పని) పార్కు ఉచితంగానే ఉన్నా అటు తొంగిచూసేవాళ్ళు తక్కువ. నా లెక్కలో జైలుకంటే ఇదే మేలు.

ఫెర్రీ బిల్డింగ్ నుంచి పడవలో అరగంట పైచిలుకు, ఇక్కడి రైళ్ళకూ పడవలకూ పనికొచ్చే క్లిప్పర్ కార్డుతో అయిదు డాలర్ల చుట్టుపక్కల. వారాంతంలో పడవలు తక్కువ, తిరుగు పడవ టైము ముందే చూసుకోండి. దిగినచోటే పాత ఫోర్డ్ కర్మాగారం, దాని పక్కన విజిటర్ సెంటర్. గాలి కోసేస్తుంది, ఆగస్టైనా స్వెటరుండాలి.

మెరైనా బే పార్కులో, యుద్ధకాలంలో పనిచేసిన ఆడవాళ్ళ పేర కట్టిన రోజీ ది రివెటర్ స్మారకం దగ్గర ఫొటో దిగి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. అసలు సరుకు విజిటర్ సెంటర్లోనే ఉంది: రేవులో పనిచేసిన కుటుంబం వంటింట్లో ఎలా నెట్టుకొచ్చిందన్నది. పంచదార రేషన్ 1942 మేలో మొదలైంది, మనిషికి వారానికి అర పౌను, అంటే పావుకిలోకి కొంచెం తక్కువ. ఆ ఏడాది నవంబరు నుంచి పెద్దవాళ్ళకు అయిదు వారాలకు పౌను కాఫీపొడి. 1943 మార్చి నుంచి రేషన్ పుస్తకంలోని చీటీల లెక్కన మనిషికి డబ్బా సరుకులకు నెలకు 48 నీలం పాయింట్లు, మాంసం, వెన్న, నూనెలకు 64 ఎరుపు పాయింట్లు. ఆ పుస్తకం చంటిపిల్లకీ ఇచ్చేవారు కాబట్టి పిల్లలున్న ఇంటికి కాస్త వెసులుబాటు. పాయింట్లుంటే చాలదు, సరుకు ధర డబ్బుగా వేరే కట్టాలి. పైగా గడువు దాటితే పాయింట్లు చెల్లవు, ఏ సరుకుకు ఎన్ని పాయింట్లన్నదీ మారుతూ ఉండేది. వేపుడు మూకుట్లో మిగిలిన కొవ్వును వడగట్టి, డబ్బాలో పట్టి మాంసం కొట్టుకిస్తే పౌనుకు నాలుగు సెంట్లు, 1943 చివరినుంచి రెండు ఎరుపు పాయింట్లు కూడా. ఆ కొవ్వులోని గ్లిజరిన్ పేలుడు పదార్థాలకు వెళ్ళేది. రేషన్ షాపు ముందు కిరసనాయిలు డబ్బాతో నిలబడ్డ మన పెద్దవాళ్ళకు ఇదంతా విప్పి చెప్పక్కర్లేదు. పిల్లలు మాత్రం పది నిమిషాల్లో విసుక్కుంటారు.

యుద్ధకాలంలో ఇక్కడే కట్టిన సరుకుల ఓడ రెడ్ ఓక్ విక్టరీ మూడో షిప్‌యార్డులో ఉంది. నడిచి వెళ్ళే దూరం కాదు, క్యాబ్ పిలవండి. దీనికి టికెట్ ఉంది. నిట్టనిలువు ఇనుప మెట్లు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు డెక్కు మీదే ఆగిపోవడం మంచిది. ఇక్కడ కైజర్ అనే వ్యాపారి నడిపిన నాలుగు యార్డుల్లో 747 ఓడలు కట్టారు, రాబర్ట్ ఇ. పియరీ అనే ఓడనైతే అయిదు రోజులు నిండకుండానే నీళ్ళలోకి దించారు. కిటుకల్లా ముక్కలుగా కట్టి క్రేనుతో తెచ్చి అతకడంలో ఉంది. డెక్కు మీది గదుల్ని తలకిందులుగా కట్టేవారు. తలపైకెత్తి వెల్డింగు చేయడం కష్టం, కిందికి వంగి చేసేదైతే కొత్తవాళ్ళకూ త్వరగా పట్టుబడుతుంది. అప్పట్లో గంపగుత్తగా కట్టిన లిబర్టీ అనే రకం సరుకుల ఓడలు కొన్ని చల్లటి నీళ్ళలో పగిలాయి. చలికి ఉక్కు పెళుసెక్కేది, హాచ్‌ల (సరుకు దించే డెక్కు కంతల) చదరపు మూలల దగ్గర పగులు పుట్టేది, రేకులన్నీ వెల్డింగుతో ఒకే ముక్కలా అతికి ఉండడంతో ఆ పగులు ఆగకుండా పాకేది.

ఇక బస. ఫ్రీవే పక్క మోటెల్ ఒకటి 109 డాలర్లని చూపించి, పన్ను, పార్కింగు, ఇంకేవో కలిపి 148 గుంజింది. దుప్పటికి సిగరెట్ కంపు, తెల్లవార్లూ గూడ్సుబండి కూతలు. గది మార్చమంటే కౌంటర్లోని మనిషి తలెత్తలేదు. మాతో వచ్చిన పెద్దవాళ్ళు మర్నాడు మధ్యాహ్నం దాకా ముభావంగానే ఉన్నారు. ఇక్కడ ఉండకండి, బర్కిలీలో ఉండండి. 1943లో ఇదే ఊళ్ళో ఒక్క మంచాన్ని షిఫ్టులవారీగా అద్దెకిచ్చేవారు, ఒకరు లేచి పనికెళ్తే ఇంకొకరు వచ్చి పడుకునేవారు. 1940లో పాతికవేలు కూడా లేని జనాభా మూడేళ్ళలో మూడింతలు దాటింది మరి. అప్పట్లో కార్మికుల కోసం కట్టిన అచిసన్ విలేజ్‌లోని 450 ఇళ్ళు ఇంకా ఉన్నాయి. మనుషులుంటున్న ఇళ్ళు, వీధిలోంచే చూడాలి. కట్టినప్పుడు తెల్లవాళ్ళకే ఇచ్చారు.

1944 జులై 17న మందుగుండు పేలి 320 మంది పోయిన పోర్ట్ షికాగో స్మారకం సైనిక స్థావరంలో ఉంది. రెండు వారాల ముందే పేర్లివ్వాలి, పౌరసత్వ వివరాలూ అడుగుతారు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్దామని ఆశపడకండి. దానికి బదులు శాన్ బ్రూనోలో బార్ట్ (ఈ ప్రాంతపు లోకల్ రైలు) స్టేషన్ దగ్గరి టాన్‌ఫొరాన్ స్మారకం చూడండి. 1942లో జపాన్‌తో యుద్ధం సాకుతో దాదాపు ఎనిమిది వేలమంది జపనీస్ అమెరికన్లను నిర్బంధించి అక్కడి పందెం గుర్రాల కొట్టాల్లో, బారకాసుల్లో పెట్టారు. రిచ్‌మండ్ నుంచి ఎర్ర లైను రైలు నేరుగా వెళ్తుంది, ఎయిర్‌పోర్టూ ఆ దారిలోనే. రాత్రి తొమ్మిది దాటితే నేరు రైలుండదు, మధ్యలో మారాలి.