మొరం బాటల మీద ఆర్‌ఎక్స్ 100: కొన్నేళ్ళు నడిపాక నా మాట

దేవరకొండ నుంచి చందంపేట వైపు, డిండి వైపు చెలకల్లో, గుట్టల్లో బండి నడిపేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నాది యమహా ఆర్‌ఎక్స్ 100. బత్తాయి తోటకు పోవడానికి, బండ్ల బాటలు ఎక్కడానికి, ఒర్రెలు (చిన్న వాగులు) దాటడానికి పనికొచ్చేలా మార్పులు చేయించుకుని కొన్నేళ్ళుగా దాన్నే నడుపుతున్నాను. తారురోడ్డు మీద పందేల కోసం ఈ బండిని తయారుచేయించేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకు కావాల్సింది వేరు. నాకు కావాల్సింది ఒక్కటే: మెల్లగా, రెండో గేరులో, రాళ్ళ మీదుగా ఎక్కుతున్నప్పుడు ఇంజన్ ఆగకుండా లాగాలి. ఆ లాగుడు పెంచేదానికే డబ్బు పెట్టాలి, దాన్ని తగ్గించేది ఎవరెంత పొగిడినా వద్దు. ఇన్నేళ్ళ వాడకంలో నాకు కుదిరిన అభిప్రాయం ఇదే.

ఈ బండి మన దేశంలో 1985 నుంచి 1996 దాకా తయారైంది. టూ-స్ట్రోక్ ఇంజన్, 98.2 సీసీ, బోరు (సిలిండర్ వెడల్పు) 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) కూడా 50. కంపెనీ లెక్క ప్రకారం 7500 ఆర్‌పీఎం దగ్గర 11 హార్స్‌పవర్. గేర్లు నాలుగే. మన బాటలకు దీన్ని ఎంచుకోవడానికి అసలు కారణం మాత్రం బరువు. క్వింటాలుకు కాస్త పైన ఉంటుందంతే. ఒర్రెలో పడిపోతే ఒక్క మనిషి లేపి, పక్కకు ఈడ్చి, మళ్ళీ కిక్కు కొట్టుకోవచ్చు. సామాన్లు దేవరకొండలోనో నల్లగొండలోనో దొరుకుతాయి. కంపెనీ దీన్ని చెలక బండిగా తయారుచేయలేదు కాబట్టి షాకప్‌లు పొట్టివి, సైలెన్సర్ కిందికి ఉంటుంది, బ్రేకులు రెండూ డ్రమ్ములే.

అన్నిటికంటే ముందు మార్చుకోవాల్సింది స్ప్రాకెట్, అంటే చైన్ తిరిగే పళ్ళ చక్రం. ఇంజన్ విప్పక్కర్లేదు, ఖర్చు తక్కువ, తేడా మొదటి గుట్ట దగ్గరే తెలుస్తుంది. ముందు స్ప్రాకెట్‌లో ఒక పన్ను తగ్గించడమంటే వెనక రెండున్నర, మూడు పళ్ళు పెంచినంత. ముందుది మరీ చిన్నదైతే చైన్ ఇరుకుగా తిరిగి తొందరగా అరుగుతుంది. అందుకని నేను వెనకదే పెద్దది వేయించాను. తారురోడ్డు మీద 60 దాటితే ఇంజన్ అరుస్తుంది. కాబట్టి నల్లగొండ పనులకు ఈ బండి తీయను. మొదటి గేరుకూ రెండో గేరుకూ మధ్య ఉన్న ఎడం మాత్రం మన మొరం చడావుల మీద ఇక ఇబ్బంది పెట్టదు. మునుపు రెండో గేరు వేయగానే ఇంజన్ కుంగేది, ఇప్పుడు దాని మీదే ఎక్కేస్తుంది.

రెండోది ఎయిర్ ఫిల్టర్. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. టూ-స్ట్రోక్‌లో లోపలికొచ్చే గాలి ముందు క్రాంక్‌కేసులోకి పోతుంది, ఆ తర్వాతే సిలిండర్‌లోకి ఎక్కుతుంది. అంటే దుమ్ము లోపలికొస్తే క్రాంకు బేరింగులు, కనెక్టింగ్ రాడ్ బేరింగు, పిస్టన్, రింగులు అన్నిటినీ తాకుతూ పోతుంది. మన ఎర్రచెలక దుమ్ము పిండిలా మెత్తగా ఉంటుంది. తోటలో ట్రాక్టర్ రోటవేటర్ వేసిన రోజు దాని వెనక బండి నడిపితే ఫిల్టర్ ఒక్క పూటలో ఎర్రబడుతుంది. స్పాంజి ఫిల్టర్‌ను కిరోసిన్‌లో పిసికి కడగాలి, తర్వాత సబ్బు నీళ్ళలో కడగాలి. నీడలో ఆరబెట్టి, ఆయిల్ పట్టించి, గట్టిగా పిండి పెట్టాలి. ఆయిల్ లేని స్పాంజి దుమ్మును ఆపదు. ఫిల్టర్ డబ్బా మూత అంచుకు సన్నగా గ్రీజు రాస్తే పక్క సందుల్లోంచి దుమ్ము దూరదు. డబ్బా తీసేసి బయట కోను ఫిల్టర్ పెట్టుకోవడం కుర్రాళ్ళకు ఇష్టం. శబ్దం బాగుంటుంది, నిజమే. కాని వానా దుమ్మూ నేరుగా తాకుతాయి, గాలి ఎక్కువై పెట్రోలు చాలదు. మన దగ్గర దాన్ని ఎవరికీ చెప్పను.

ఇక గాలిలో పెట్రోలు కలిపే కార్బొరేటర్. ట్యూనింగ్ అంటే అందరూ మెయిన్ జెట్ (పెట్రోలు పోయే సన్న బొక్క) గురించే మాట్లాడతారు గాని, చెలకలో నడిచే బండికి మెయిన్ జెట్ పని చాలా తక్కువ. థ్రాటిల్ ముప్పావు నుంచి నిండుగా తిప్పినప్పుడే దాని పెత్తనం. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్. ఐడిల్ నుంచి పావు దాకా పైలట్ జెట్, ఎయిర్ స్క్రూ. రాళ్ళలో మనం ఉండేది ఎప్పుడూ ఆ కింది సగంలోనే. కాబట్టి ముందు అది కుదర్చాలి. గ్రిప్పు మీద, హ్యాండిల్ మీద టేపు ముక్కలు అంటించి పావు, సగం, ముప్పావు గుర్తులు పెట్టుకుంటే బండి ఎక్కడ తడబడుతుందో కచ్చితంగా తెలుస్తుంది. బొబ్బొబ్బొ అని బరువుగా, పొగతో నడిస్తే పెట్రోలు ఎక్కువ. థ్రాటిల్ తిప్పగానే ఒక్క క్షణం గాలి పట్టినట్టు చచ్చిపోయి తర్వాత లేస్తే పెట్రోలు తక్కువ. మెయిన్ జెట్‌కు మాత్రం ప్లగ్ చూడాల్సిందే: పొడుగు చడావు మీద నిండు థ్రాటిల్‌తో పోయి, క్లచ్ పట్టి, ఇంజన్ అక్కడికక్కడే ఆపి ప్లగ్ విప్పాలి. లేత గోధుమ రంగుంటే మంచిది. తెల్లగా ఉంటే ప్రమాదం, నల్లగా తడిగా ఉంటే పెట్రోలు వృథా.

ఇక్కడ రెండు సంగతులు చాలామంది మెకానిక్‌లు కూడా పట్టించుకోరు. ఒకటి, ఇంజన్‌కు మంచిదని పెట్రోలులో ఆయిల్ ఎక్కువ కలిపితే జెట్ గుండా పోయే పెట్రోలు ఆ మేరకు తగ్గుతుంది, మిక్సర్ (గాలి, పెట్రోలు కలిసినది) పలచబడుతుంది, అంటే గాలికి తగ్గ పెట్రోలు ఉండదు. లీటరుకు 25 మిల్లీలీటర్లతో కుదిరిన జెట్ 40 కలిపినప్పుడు సరిపోకపోవచ్చు. రెండోది, ఎండ. మే నెలలో మన దగ్గర 45 డిగ్రీల దాకా పోతుంది. వేడిగాలి పలచన కాబట్టి అదే జెట్‌తో పెట్రోలు కాస్త ఎక్కువైనట్టు నడుస్తుంది. డిసెంబరు పొద్దున చలిగాలి చిక్కన, అప్పుడు పెట్రోలు తక్కువైనట్టవుతుంది. అందుకే జెట్ సెట్టింగ్ చలికాలం తెల్లవారే చేయించాలంటాను. ఎండాకాలం కొంచెం బరువుగా నడిచినా ఇంజన్‌కు ఏమీ కాదు. మే నెల మధ్యాహ్నం సన్నగా కుదిర్చిన జెట్‌తో చలికాలం నిండు థ్రాటిల్ ఇస్తే పిస్టన్ పట్టేస్తుంది.

ఇథనాల్ సంగతి కూడా దీంతోనే ముడిపడి ఉంది. 2025కల్లా దేశమంతా 20 శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చేసింది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత జెట్‌తో మిక్సర్ పలచనవుతుంది. నేను మెయిన్ జెట్ ఒక సైజు పెంచి, నీడిల్ క్లిప్పు ఒక గాడి కిందికి దించాను. క్లిప్పు కిందికి దిగితే నీడిల్ పైకి లేచి పెట్రోలు ఎక్కువొస్తుంది. బండి చల్లబడి నడిచింది, మధ్య థ్రాటిల్‌లో వచ్చే చిటపట పోయింది. ఈ పెట్రోలు తేమను పీల్చుకుంటుంది. నాలుగు వారాలు బండి పక్కన పెట్టేటట్టుంటే ట్యాంకు నిండా పోయాలి లేదా పూర్తిగా ఖాళీ చేయాలి. ఫ్లోట్ బౌల్ కింద స్క్రూ విప్పి అందులోది కూడా వదిలేయాలి.

జెట్ ముట్టుకునే ముందు గాలి లీకు చూడాలి. దేవరకొండలో ఒక పెద్దాయన దగ్గర నేను పని చేయించుకుంటాను, అందరం చాచా అంటాం. ఎవరు జెట్ మార్చమన్నా ఆయన ముందు అనే మాట ఒకటే: "బేటా, హవా ఎక్కడికెల్లి గుంజుతుందో చూడు మొదలు. జెట్ ఎక్కడికి పోతది?" ఇంజన్ ఐడిల్‌కు దిగకుండా పైనే గుంజుతుంటే మ్యాగ్నెట్ వైపు క్రాంకు ఆయిల్ సీల్ పోయిందని అనుమానించాలి. క్లచ్ వైపు సీల్ పోతే గేర్ ఆయిల్ లోపలికి పీల్చుకుని తెల్లగా పొగ వదులుతుంది, గేర్ ఆయిల్ తగ్గుతుంది. సీళ్ళు చవకే, అవి ఎండిపోయినా మార్చకుండా వదిలేస్తే పోయే పిస్టన్ చవక కాదు. సీళ్ళతోపాటు రీడ్ వాల్వు (లోపలికొచ్చిన గాలి వెనక్కి పోకుండా ఆపే రేకు) కూడా విప్పి వెలుతురుకు పట్టి చూడాలి. రేకు మూసుకున్నచోట వెలుతురు కనిపిస్తే, అంచు పెచ్చు ఊడితే మార్చేయాలి. కిక్కు ఎక్కువ కొట్టాల్సి రావడానికి చాలాసార్లు కారణం అదే.

ఇంజన్ లోపలికి ఆయిల్ అందించే పంపు తీసేసి, ఆయిల్‌ను పెట్రోలులోనే కలుపుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. నేను పంపు ఉంచాను. తోటకాడ బండి ఒక్క మనిషి చేతిలో ఉండదు. తమ్ముడు తీస్తాడు, పాలేరు తీస్తాడు, సీసాలో పెట్రోలు తెచ్చి పోస్తారు. ఆయిల్ కలపడం ఒక్కసారి మరిచినా ఇంజన్ పోతుంది. పంపు నుంచి పోయే పైపులో గాలి బుడగ లేకుండా చూసుకుంటే, కేబుల్ గుర్తు సరిగా పెట్టుకుంటే దాన్ని నమ్మొచ్చు. పెట్రోలులో కలిపేవాళ్ళు గుట్ట దిగేటప్పుడు థ్రాటిల్ పూర్తిగా మూసి గేరులో దూరం పోవద్దు. పెట్రోలు రాకపోతే ఆయిల్ కూడా రాదు. మధ్యమధ్యలో క్లచ్ పట్టి ఒకసారి థ్రాటిల్ ఇవ్వాలి.

సైలెన్సర్ గురించి, పోర్టింగ్ (సిలిండర్ గోడలో గాలి, పొగ పోయే దారులను కోయడం) గురించి నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. కంపెనీ సైలెన్సర్ లోపల వెడల్పై మళ్ళీ ఇరుకయ్యే ఆకారం ఊరికే పెట్టలేదు. బయటికి పోయిన పొగ అల ఆ ఇరుకుకు తగిలి వెనక్కొచ్చి, ఎగ్జాస్ట్ పోర్టులోంచి జారిపోబోయే తాజా మిక్సర్‌ను మళ్ళీ సిలిండర్‌లోకి నెడుతుంది. అది ఏ ఆర్‌పీఎం దగ్గర జరగాలన్నది పైపు పొడవును, ఆకారాన్ని బట్టి ఉంటుంది. రేసు పైపు పెడితే, ఎగ్జాస్ట్ పోర్టు పైకి కోస్తే, బలమంతా పైకి పోతుంది. నేను నడిపి చూసిన అలాంటి బండ్లు తారు మీద బ్రహ్మాండంగా పోతాయి, వాగు ఒడ్డు ఎక్కేటప్పుడు క్లచ్ నలిపితే తప్ప కదలవు. పైగా ఆ మోతకు గొర్లు బెదురుతాయి, కాపరులకు తిప్పలు. కంపెనీ సైలెన్సర్ ఉంచుకుని, లోపలి బాఫిల్ పైపు మీద పేరుకున్న మసి కాస్టిక్ సోడా నీళ్ళలో నానబెట్టి తీసేస్తే చాలు, పోయిన బలం సగం అక్కడే తిరిగొస్తుంది. ఇంజన్ లోపల నేను చేయించిన ఒకే ఒక్క పని హెడ్డు సన్నగా లేత్ పట్టించడం. పిస్టన్‌కూ హెడ్డుకూ మధ్య సందు తెలియడానికి సోల్డరింగ్ తీగ ప్లగ్ బొక్కలోంచి అంచు దాకా దూర్చి, ఇంజన్ చేత్తో తిప్పి, నలిగిన తీగ మందం కొలవాలి. ఒక మిల్లీమీటరు దగ్గర ఆపేశాం. కింది లాగుడు పెరిగింది.

బోరు కొట్టించేవాళ్ళకు (అరిగిన సిలిండర్‌ను లోపల కోయించి పెద్ద పిస్టన్ వేయించేవాళ్ళకు) ఒక మాట. పిస్టన్లు 0.25 మిల్లీమీటర్ల మెట్టు చొప్పున సైజు పెరుగుతూ వస్తాయి. బోరు అయ్యాక పోర్టుల అంచులు సన్నగా రుద్ది నునుపు చేయించారో లేదో సిలిండర్ బిగించే ముందు వేలితో తడిమి చూడండి. అంచు పదునుగా ఉంటే రింగు తట్టుకుని విరుగుతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే గుంజవద్దు. అల్యూమినియం పిస్టన్ ఇనుప లైనర్ (సిలిండర్ లోపలి గొట్టం) కంటే ముందే ఉబ్బి పట్టేయొచ్చు.

షాకప్‌లు, టైర్లు క్లుప్తంగా చెబుతాను. వెనక కాస్త పొడుగు షాకప్‌లు, ముందు ఫోర్కులో చిక్కటి ఆయిల్, స్ప్రింగు మీద చిన్న ముక్క వేయించాను. పొడుగు షాకప్ వేశాక చైన్ బిగువు మళ్ళీ చూసుకోవాలి, మనిషి కూర్చున్నప్పుడు చూడాలి. బటన్ టైర్లు (పైన గడ్డలుండేవి) మొరం మీద, ఇసుకలో బాగా పట్టుకుంటాయి, తడి తారు మీద జారుతాయి. గాలి మరీ తగ్గిస్తే టైర్ రిమ్ము మీద జారి ట్యూబ్ వాల్వు తెగుతుంది. సర్కారు తుమ్మ ముళ్ళకు మందు లేదు. పంపు, ప్యాచీలు సీటు కింద ఉండాల్సిందే.

కాగితాల విషయం కూడా చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్వరూపం మార్చకూడదు. రిజిస్ట్రేషన్‌ను 15 ఏళ్ళ తర్వాత ఐదేళ్ళకోసారి తిరిగి చేయించుకోవాలి. అందుకే నేను ఫ్రేము కోయించలేదు, పెద్ద ఇంజన్ ఎక్కించలేదు. విప్పి మళ్ళీ పాతవి బిగించుకోగల మార్పులే చేయించాను. అమ్రాబాద్ పులుల అడవిలోకి మాత్రం ఈ బండి తీసుకుపోవద్దు, అది మన ఆటస్థలం కాదు.

మైలేజీ చెలకలో లీటరుకు 28, 30 మధ్య వస్తుంది. ఇంకా నాకు తృప్తి లేనిది ముందు బ్రేకు. టూ-స్ట్రోక్‌లో ఇంజన్ బ్రేకు తక్కువ, దిగుడులో భారమంతా డ్రమ్ముల మీదే పడుతుంది. ఒర్రె దాటాక లైనింగు తడిసి పట్టదు, కొంచెం దూరం బ్రేకు ఒత్తిపట్టి నడిపితే ఆరుతుంది. ఫోర్కుతో సహా డిస్కు వేయించుకోమని చాచా చెబుతున్నారు. ఫోర్కు మారిస్తే బండి ముందు ఎత్తు మారుతుంది, వెనక షాకప్ లెక్క మళ్ళీ చూసుకోవాలి. ఈ వానాకాలానికి డ్రమ్ములో కొత్త లైనింగులే వేయిస్తున్నాను.