గోడల్ని నిటారుగా నిలబెట్టే లెన్స్: కానన్ టీఎస్-ఈ 24ఎంఎం, మెదక్ చర్చి నుంచి చార్మినార్ దాకా

పాత కట్టడాలంటే ప్రాణం పెట్టేవాళ్ల కోసం రాస్తున్నాను. కానన్ టీఎస్-ఈ 24ఎంఎం ఎఫ్3.5ఎల్, రెండో వెర్షన్. 2009లో వచ్చిన లెన్స్, అంటే కొత్తదేం కాదు. ఆటోఫోకస్ లేదు, బరువు 780 గ్రాములు, ధర లక్ష దాటి ఉంటుంది. అయినా సరే, ఊళ్లు తిరుగుతూ చర్చిలు, సమాధులు, పాత బంగ్లాలు ఫొటోలు తీసే నాకు దీనంత ఆనందం ఇచ్చిన లెన్స్ ఇంకోటి లేదు. అద్దెకు తప్పకుండా తీసుకోండి. కొనాలా వద్దా అన్నది వేరే లెక్క, కింద చెప్తాను.

ముందు అసలు సమస్య. ఎత్తైన కట్టడం ముందు నిలబడి, పై కొస కూడా ఫ్రేమ్‌లోకి రావాలని కెమెరా పైకెత్తామా, గోడలు లోపలికి వంగిపోతాయి, గోపురం వెనక్కి పడిపోతున్నట్టు కనిపిస్తుంది. కొండో చెట్టో అయితే ఎవరికీ తెలియదు. చర్చి అలా కాదు, గోథిక్ కట్టడం అందమంతా నిలువు గీతల్లోనే ఉంది. స్తంభాలు, పైన కోసుగా ఉండే కిటికీలు, మూలల్లో లేచే చిన్న చిన్న శిఖరాలు, ఇవన్నీ చూసేవాడి చూపును పైకి లాక్కెళ్లడానికే కట్టారు. మెదక్ చర్చినే చూడండి. ఛార్లెస్ వాకర్ పాస్నెట్ అనే బ్రిటిష్ మిషనరీ 1914లో మొదలుపెట్టించి, పదేళ్లు కట్టించి, 1924 డిసెంబర్ 25న ప్రారంభించిన చర్చి. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గంట గోపురం 175 అడుగులు. కరువు రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ల జనం పనికొచ్చి, ఆ పనితో దొరికిన తిండితో బతికి కట్టిన గోపురం అది. దాన్ని వాలిపోయినట్టు ఫొటోలో చూపించడానికి నాకు మనసొప్పదు.

ఈ లెన్స్ చేసే పని వినడానికి చాలా చిన్నది. కెమెరాను ఏమాత్రం పైకెత్తకుండా కట్టడానికి ఎదురుగా నిటారుగా ఉంచి, పక్కనున్న మర తిప్పితే లెన్స్ ఒక్కటే 12 మిల్లీమీటర్ల దాకా పైకి జరుగుతుంది, దీన్నే షిఫ్ట్ అంటారు. మామూలు లెన్స్ సెన్సర్‌కి సరిపోయేంత బొమ్మే వేస్తుంది. ఇది 67 మిల్లీమీటర్ల గుండ్రటి బొమ్మ వేస్తుంది కాబట్టి అందులో పై భాగాన్ని వాడుకునే వీలుంటుంది. 12 మిల్లీమీటర్లతో ఏమవుతుంది అనుకోకండి. ఫుల్ ఫ్రేమ్ (36×24 మిల్లీమీటర్ల సెన్సర్ ఉన్న) కెమెరాను నిలువుగా పెట్టి మెదక్ గోపురం మొత్తం తీయాలంటే, షిఫ్ట్ లేని 24ఎంఎంతో దాదాపు 230 అడుగులు వెనక్కి పోవాలి, పైగా ఫ్రేమ్‌లో కింది సగమంతా నేలే. పూర్తిగా షిఫ్ట్ చేస్తే 140 అడుగులు చాలు, నేల ఆరో వంతే కనిపిస్తుంది. మెదక్‌లో అంటే చర్చి చుట్టూ బోలెడు జాగా ఉంది, వెనక్కి వెనక్కి నడవొచ్చు. మన హైదరాబాద్ సిటీలో ఆ 90 అడుగుల తేడా ఎదుటి షాపులోకి దూరిపోవడానికీ రోడ్డు మీదే నిలబడి తీయడానికీ మధ్య ఉన్న తేడా.

ఆటోఫోకస్ లేదని భయపడేవాళ్లు చాలామంది ఉన్నారు, కట్టడాలకైతే అసలు దాని అవసరమే రాదు. అపర్చర్‌ను ఎఫ్8లో పెట్టి ఫోకస్‌ను 8 అడుగుల దగ్గర ఉంచితే 4 అడుగుల నుంచి ఆకాశం దాకా అన్నీ సరిగ్గానే వస్తాయి. కట్టడం మరీ దూరంగా ఉంటే ఇంకాస్త దూరానికి తిప్పి, లైవ్ వ్యూలో పెద్దది చేసి చూసుకోండి. టిల్ట్ అని లెన్స్‌ను ఒక పక్కకి వంచే ఇంకో మర కూడా ఉంటుంది, దాన్ని సున్నా దగ్గర పెట్టి లాక్ చేసేయండి, కట్టడాలకి దాదాపు పని పడదు, పొరపాటున కదిలితే ఫొటోలో ఒక పక్కంతా మసకబారుతుంది. పాత డీఎస్‌ఎల్‌ఆర్ వాడేవాళ్లు షిఫ్ట్ చేయకముందే వెలుతురు కొలిచి, మాన్యువల్‌లో పెట్టుకోవాలి, జరిపాక మీటర్ తప్పు చెప్తుంది. అడాప్టర్‌తో కానన్ ఆర్ సిరీస్ మిర్రర్‌లెస్ కెమెరా మీద వాడితే ఈ తలనొప్పి చాలావరకు ఉండదు, తెర మీద కనిపించేదాన్ని చూసి సరిచేసుకోవచ్చు.

మెదక్ చర్చి లోపలికి వెళ్లాక ఈ లెన్స్ విలువ ఇంకా బాగా తెలిసింది. కింద బ్రిటన్ నుంచి తెప్పించిన మొజాయిక్ టైల్స్, రెండు వైపులా స్తంభాల వరస, ఎదురుగా ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసిన రంగుటద్దాల కిటికీ. అలాంటి పెద్ద కిటికీలు అక్కడ మూడున్నాయి: యేసు పుట్టుక, శిలువ, ఆరోహణం. కెమెరాను కదపకుండా లెన్స్‌ను ఎడమకొకసారి, కుడికొకసారి జరిపి రెండు ఫొటోలు తీసి కంప్యూటర్‌లో కలిపితే, స్తంభాలు వంగకుండా హాలు మొత్తం వెడల్పుగా వచ్చేస్తుంది. కెమెరాను తిప్పి తీసే పనోరమాలో ఇంత శుభ్రంగా రాదు. దీనికి స్టాండ్ ఉంటేనే బాగుంటుంది, కానీ గుమ్మం దగ్గరే "స్టాండ్ మాత్రం వద్దు సార్" అన్నారు. అడిగి, వాళ్లు ఎంతవరకు ఒప్పుకుంటే అంతవరకే తీయండి, ప్రార్థన జరుగుతుంటే కెమెరా బ్యాగులోనే ఉంచండి. నేను బెంచీకి ఆనుకుని, ఐఎస్‌ఓ పెంచి తీశాను. లెన్స్‌లో చేతి వణుకును సర్దే స్టెబిలైజేషన్ లేదు, బాడీలో ఉన్న కెమెరా అయితే పని తేలికవుతుంది. కిటికీల విషయంలో ఒక్క మాట: వెలుతురును అద్దాల మీదే కొలవండి. హాలును చూసి కొలిస్తే రంగులన్నీ తెల్లగా పాలిపోతాయి, ఆ ఎరుపూ నీలమూ మళ్లీ వెనక్కి రావు. హాలు చీకటిగా వస్తే రానివ్వండి. మబ్బు పట్టిన రోజు ఇంకా మంచిది, అన్ని అద్దాల మీదా వెలుతురు ఒకేలా పడుతుంది. క్రిస్మస్ రోజుల్లో కెమెరా కోసమని మాత్రం వెళ్లకండి, ఇసుకేస్తే రాలనంత జనం, ఆ పండగ వాళ్లది.

ఇక సిటీలో. గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసెఫ్స్ కెథడ్రల్ రెండు గోపురాల ముఖద్వారం ఈ లెన్స్ కోసమే కట్టారా అనిపించింది. ఇటలీ నుంచి 1892లో తెప్పించిన గంటలున్న గోపురాలవి. రెండూ ఒకదానికొకటి సమాంతరంగా, నిటారుగా నిలబడాలి. ఫొటోలో ఏ కాస్త లోపలికి వాలినా కళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. తీరా అక్కడ ఎక్కువ వెనక్కి జరిగే జాగా లేదు. కెమెరాలో గ్రిడ్ గీతలు వేసుకుని, లెవల్ చూసుకుని, చేత్తోనే పట్టుకుని తీసినవి కూడా చక్కగా వచ్చాయి. గోవాలో సే కెథడ్రల్ దగ్గరా ఇదే అనుభవం: దానికున్న రెండు గోపురాల్లో ఒకటి 1776లో కూలిపోయింది, మిగిలిన ఒంటి గోపురాన్ని నిటారుగా చూపిస్తేనే పక్కనున్న ఖాళీ అర్థమవుతుంది.

చార్మినార్ దగ్గర పొద్దున్నే, జనం రాకముందు వెళ్లండి. 1591 నాటి ఆ మినార్లు సుమారు 160 అడుగులుంటాయి, పూర్తి షిఫ్ట్‌తో 125 అడుగుల దూరం సరిపోతుంది. నాలుగు మినార్లూ నాలుగు గీతల్లా నిలబడ్డ ఫొటో చూసుకుని ఎంత సంతోషం వేసిందో మాటల్లో చెప్పలేను. స్టాండ్ పెట్టాలంటే మాత్రం పురావస్తు శాఖ అనుమతి కావాలి, అక్కడ వాదించి లాభం లేదు.

నచ్చనివి కూడా చెప్పాలి. పూర్తిగా షిఫ్ట్ చేస్తే ఫ్రేమ్ పై అంచు కొంచెం మెత్తబడుతుంది, మూలలు చీకటవుతాయి, ఎఫ్8 నుంచి ఎఫ్11 మధ్య ఉంచితే చాలావరకు సర్దుకుంటుంది. అంతకన్నా పెద్ద ఇబ్బంది గుమ్మటాలతో. దగ్గరగా నిలబడి 12 మిల్లీమీటర్లూ జరిపితే గుమ్మటం పైకి సాగదీసినట్టు వస్తుంది. కుతుబ్ షాహీ సమాధుల దగ్గర అలా తీస్తే ఆ గుండ్రటి గుమ్మటాలు కోడిగుడ్డు ఆకారంలోకి మారిపోయాయి. గోడలు నిటారుగా ఉన్నా ఆకారం అబద్ధం చెప్తోంది, అది నాకు ఇంకా పెద్ద తప్పు. అక్కడ బోలెడు ఖాళీ ఉంది కాబట్టి దూరం జరిగి, సగం షిఫ్ట్‌తో తీయడమే న్యాయం. చాలా ఎత్తైన గోపురాలకైతే గీతల్ని నూటికి నూరు శాతం నిటారు చేయకండి. మన కళ్లు కాస్త వాలును ఆశిస్తాయి, అది లేకపోతే పైభాగం బరువుగా, ముందుకు తూలుతున్నట్టు అనిపిస్తుంది.

ఇప్పుడు డబ్బు లెక్క. మీ దగ్గర 14ఎంఎం లెన్స్ ఏదైనా ఉంటే, కెమెరాను అస్సలు పైకెత్తకుండా నిలువుగా, నిటారుగా పట్టుకుని తీసి, తర్వాత కింది నేలనూ పక్కలనూ కత్తిరించేయండి. కోణాలన్నీ ఈ లెన్స్ ఇచ్చే బొమ్మలో ఉన్నట్టే ఉంటాయి. పోయేది పిక్సెల్స్ మాత్రమే: దాదాపు మూడో వంతు మిగులుతుంది, అంటే 24 మెగాపిక్సెల్స్‌లో 8. ఫోన్‌లో చూసుకోవడానికి, ఇంట్లో ఒక మామూలు ప్రింట్ పెట్టుకోవడానికి ఆ 8 చాలు. ఫోన్‌లో 0.5 కెమెరాతో కూడా ఇదే పద్ధతి, ఫోన్‌ను నిటారుగా పట్టుకోవడమే అందులో రహస్యం. లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో సరిచేసుకుంటే పోదా అనేవాళ్లకి: చిన్న వాలుకి పర్లేదు, పెద్ద వాలుని లాగితే పైభాగం సాగి వివరం పోతుంది, పక్కలు తెగిపోతాయి, తీసేటప్పుడు బాగా కుదిరిన ఫ్రేమ్ చివరికి చేతికి రాదు.

కాబట్టి కట్టడాల ఫొటోలతో సంపాదించేవాళ్లు, గోడంత ప్రింట్లు వేసేవాళ్లు కొనుక్కోవచ్చు, జీవితకాలం పనిచేసే వస్తువు. మిగతావాళ్లు ఒక టూర్ ముందు అద్దెకు తెచ్చుకుంటే సరి. నాకు సిటీలో అద్దెకిచ్చినవాళ్ల లెన్స్‌లో షిఫ్ట్ లాక్ అరిగిపోయి ఉంది, పైకి జరిపిన లెన్స్ దాని బరువుకి అదే మెల్లగా కిందికి దిగిపోయేది, ప్రతి ఫొటోకీ చేత్తో ఆపుకోవాల్సి వచ్చింది. షాపులోనే కెమెరాకి తగిలించి, పూర్తిగా పైకి జరిపి, లాక్ బిగించి, కాసేపు అలాగే వదిలి చూడండి. టిల్ట్ సున్నా దగ్గర టక్కుమని ఆగుతోందా, తిప్పితే లెన్స్ అన్ని వైపులకీ తిరుగుతోందా, ముందు అద్దం మీద గీతలున్నాయా చూసి, ఉన్నవి ఉన్నట్టు ఫోన్‌లో ఫొటో తీసుకున్నాకే డిపాజిట్ కట్టండి. ఫిల్టర్ వాడేవాళ్లకి 82ఎంఎం సైజు కావాలి, అది కూడా అక్కడే అడిగి తీసుకోండి.