రీఎంట్రీ పర్మిట్ కోసం లాయర్ని పెట్టుకున్నాను, డబ్బులకి న్యాయం జరిగిందా అంటే

అమ్మకి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే అయింది కానీ ఏడాదిన్నర పాటు ఎవరో ఒకరు పక్కనే ఉండాలన్నారు, ఆ ఒకరు నేనే. నాకు గ్రీన్ కార్డు వచ్చి మూడేళ్లయింది. అన్నాళ్లు అమెరికా బయట ఉంటే అది పోతుందేమోనని నిద్ర పట్టక ఇమ్మిగ్రేషన్ లాయరు ఆఫీసుకి వెళ్లాను. ఒక ఫిర్యాదు కూడా ఉంది కాబట్టి పేరు రాయడం లేదు.

అంతకుముందు ఫారాలు నింపిపెట్టే ఒక ఆన్‌లైన్ సర్వీసుకి డబ్బు కట్టాను. ఆరు నెలలకోసారి వచ్చి వారం ఉండి వెళ్లండి, ఏం కాదు అన్నారు. మనవాళ్లలో చాలామంది నమ్మేది ఇదే, నేనూ నమ్మాను. లాయరు మేడమ్‌కి ఈ మాట చెప్పగానే నా పాస్‌పోర్టు తీసుకుని స్టాంపులు ఒక్కొక్కటీ చూస్తూ, తెల్ల కాగితం మీద వెళ్లిన తేదీలు, వచ్చిన తేదీలు వరసగా రాశారు. నాన్న జబ్బుతో ఉన్నప్పుడు వెళ్లిన రెండు ట్రిప్పులు 160 రోజులు, 150 రోజులు తేలాయి. మధ్యలో ఇక్కడ ఉన్నది 11 రోజులు. ఆవిడ ఆ 11 చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి, "ఎయిర్‌పోర్టులో ఆఫీసరు దీని గురించే అడుగుతాడు" అన్నారు. నా గుండె జారిపోయింది. 180 రోజులు దాటలేదు కదా అంటే, రోజుల లెక్క ఒక్కటే కాదమ్మా, మీ కాపురం ఎక్కడ, ఉద్యోగం ఎక్కడ, ట్యాక్సు ఇక్కడ రెసిడెంటుగా ఫైల్ చేస్తున్నారా, తిరిగొచ్చే ఉద్దేశం ఉందా అని అన్నీ చూస్తారని ఓపిగ్గా చెప్పారు. నాన్‌రెసిడెంటుగా ఫైల్ చేస్తే ఇక్కడ ఉండనని మీరే రాసిచ్చినట్టు అనుకునే ప్రమాదం ఉందట. ఈ ఒక్క గంటకే ఫీజు ఇచ్చేయొచ్చు.

ఏడాదికి మించి బయట ఉంటే మామూలుగా గ్రీన్ కార్డు ఒక్కటే చూపించి లోపలికి రాలేం, అందుకే రీఎంట్రీ పర్మిట్. పాస్‌పోర్టులా చిన్న పుస్తకం, గరిష్ఠంగా రెండేళ్లు పనిచేస్తుంది, పొడిగించరు. దానికి అప్లై చేసే ఫారం ఐ-131 వేసే రోజు మీరు అమెరికాలోనే ఉండాలి, ఇండియా వెళ్లాక గుర్తొస్తే లాభం లేదు. నేను కట్టిన ప్రభుత్వ ఫీజు 630 డాలర్లు, లాయరు ఫీజు వేరే. అమ్మ ఆపరేషన్ రిపోర్టులు, డాక్టరు రాసిన ఉత్తరం, నా ఇంటి లీజు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ ఒక ఫైల్లో పెట్టించి, ఒక సెట్టు చేతి సంచిలోనే ఉంచుకోమన్నారు. పర్మిట్ ఉన్నా తిరిగొచ్చేటప్పుడు ప్రశ్నలు ఉండొచ్చని, కార్డు వదులుకుంటున్నానని ఒప్పుకునే ఐ-407 మీద సంతకం పెట్టమంటే పెట్టాల్సిన పని లేదని, జడ్జి ముందు విచారణ అడిగే హక్కు ఉందని కూడా చెప్పారు. ఈ మాట నాకు ఇంకెవరూ చెప్పలేదు.

బాధ కలిగించిన విషయం సిటిజన్‌షిప్. ఒకేసారి ఏడాది బయట ఉంటే దాని కోసం లెక్కపెట్టే కాలం తెగిపోతుంది, పర్మిట్ దాన్ని కాపాడదు. ఇది ముందే, డబ్బు తీసుకోకముందే చెప్పారు, అందుకు వాళ్లంటే గౌరవం.

ఇక ఫిర్యాదు. నేను ఇల్లు మారుతున్నానని మెయిలింగ్ అడ్రసు వాళ్లదే ఇచ్చారు. వేలిముద్రల అపాయింట్‌మెంట్ నోటీసు అక్కడికి వచ్చి తొమ్మిది రోజులైనా ఎవరూ ఫోన్ చేయలేదు. నేనే విసిగి ఫోన్ చేస్తే రిసెప్షన్‌లో అమ్మాయి ఆ, వచ్చిందండీ అంది. టికెట్ తేదీ మార్చుకోవాల్సి వచ్చింది, అక్కడ అమ్మ రోజులు లెక్కపెట్టుకుంటోంది. మేడమ్ స్వయంగా సారీ చెప్పారు కానీ మార్పు ఛార్జీ నేనే కట్టుకున్నాను. అందుకే 5కి 4.

వేలిముద్రలు ఇచ్చేశాను, పర్మిట్ హైదరాబాద్ కాన్సులేట్‌కి పంపమని ఫారంలోనే రాయించాం, శుక్రవారం ఫ్లైట్. రెండేళ్లు సరిపోకపోతే మళ్లీ ఇక్కడికొచ్చే కొత్తగా అప్లై చేయాలి, అప్పుడూ వీళ్ల దగ్గరికే వెళ్తాను, నోటీసులు మాత్రం మా చెల్లెలి అడ్రసుకి వచ్చేలా ముందే రాయించుకుంటాను.