ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్: నెత్తురు గడ్డకట్టే దగ్గర ఏది ఎట్లా?

మా బాపు హన్మకొండలో పన్ను పీకించుకొని ఇంటికొచ్చాక, దూది మీద దూది మార్చినా సాయంత్రం దాకా నెత్తురు ఊరుతూనే ఉంది. గుండె కోసం రోజూ వేసుకునే 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ సంగతి పళ్ల డాక్టర్‌కు చెప్పనే లేదట. "అది నొప్పి గోలీయే కదా బిడ్డా" అన్నాడు.

నొప్పి గోలీయే. కానీ గాయమైతే ముందు ఉరికొచ్చి గడ్డకట్టించేవి ప్లేట్‌లెట్లు, అవి ఒకదానికొకటి అతుక్కోవడానికి తోడ్పడే కాక్స్-1 అనే ఎంజైమును ఆస్పిరిన్ శాశ్వతంగా పాడుచేస్తుంది, ప్లేట్‌లెట్ దాన్ని మళ్లీ తయారుచేసుకోలేదు కాబట్టి అది బతికే 7 నుంచి 10 రోజులూ అంతే సంగతి. ఇంకో నొప్పి గోలీ ఐబుప్రోఫెన్ కూడా అదే ఎంజైమును పట్టుకుంటుంది, కాకపోతే వదిలేస్తుంది. ఒక రోజులో దాని ప్రభావం దాదాపు పోతుంది.

అట్లని ఐబుప్రోఫెన్ మంచిదని కాదు, కడుపులో పుండ్లు, రక్తస్రావం దానితోనూ ఉన్నాయి. అసలు చిక్కు రెండూ కలిసినప్పుడు: ఐబుప్రోఫెన్ ముందు వేసుకుంటే ఎంజైము దగ్గర అదే అడ్డంగా కూర్చొని ఆస్పిరిన్‌ను చేరనివ్వదు, గుండెకు దొరకాల్సిన రక్షణ తగ్గుతుంది. మోకాళ్ల నొప్పులకని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మన పెద్దవాళ్లకు ఇది ఎవరు చెప్తారో!

డెంగ్యూ అనుమానముంటే రెండూ వద్దు, పారాసెటమాలే.

బాపు ఆస్పిరిన్ మానేస్తానన్నాడు. గుండె డాక్టర్ ఫోన్‌లోనే వద్దన్నాడు, దూదిని గట్టిగా కొరికి పట్టుకోమన్నాడు. రాత్రి పదింటికి నెత్తురు ఆగింది.