గేమింగ్ కంప్యూటర్ కొనేవాళ్లు జాగ్రత్త: పేరు 1050 టీఐ, లోపల 2011 నాటి చిప్పు

అసెంబుల్డ్ గేమింగ్ కంప్యూటర్ కొనాలనుకుంటున్నవాళ్లు, ముఖ్యంగా తక్కువ ధరకే 'జీటీఎక్స్ 1050 టీఐ, 4 జీబీ' గ్రాఫిక్స్ కార్డు (ఆటల బొమ్మలను తెర మీదికి తెచ్చే భాగం) వస్తోందని సంబరపడుతున్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. మా తమ్ముడి కోసం కొన్న కంప్యూటర్‌లో మాకు అంటగట్టింది నకిలీ గ్రాఫిక్స్ కార్డు. అట్టపెట్టె మీదా, విండోస్‌లోనూ 1050 టీఐ అనే ఉంది. లోపల ఉన్నది మాత్రం 2011లో వచ్చిన జీటీఎక్స్ 550 టీఐ చిప్పు. చుట్టుపక్కల పిల్లలకు ట్యూషన్లు చెప్పి వాడు కూడబెట్టుకున్న డబ్బు అది. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

వాలరెంట్ ఆటలో సెకనుకు 144 ఫ్రేములు (తెర మీద మారే బొమ్మలు) రావాలంటే 1050 టీఐ ఉండాలని ఆ ఆట తయారుచేసిన రాయట్ సంస్థే ప్రకటించింది. మా వాడికి 40 దాటడమే గగనమైంది. పొగ బాంబులు పడితే చాలు, తెర ఆగి ఆగి కదిలేది. ఇంకాస్త భారీ ఆటలు పెడితే మరీ ఘోరం. మొదట్లో బాగానే నడిచి, కొంతసేపటికి గోడల మీద ఆకుపచ్చ, గులాబీ రంగు చారలు వచ్చేవి. ఆ వెంటనే ఆట దానంతటదే మూసుకుపోయేది.

దుకాణానికి వెళ్లిన ప్రతిసారీ కొత్త కారణం. మొదట "ర్యామ్ చాలదు తమ్ముడూ" అని మరో 8 జీబీ కొనిపించారు. తర్వాత విండోస్ పాడైందని ఫార్మాట్ చేసి దానికీ డబ్బు తీసుకున్నారు. ఆ పైన మీ ఇంట్లో ఇంటర్నెట్ నెమ్మది అన్నారు. ఇంటర్నెట్ నెమ్మదిగా ఉంటే పింగ్, అంటే ఆట సర్వరుకు సందేశం వెళ్లి రావడానికి పట్టే సమయం, పెరుగుతుంది, ఆటలో మనిషి ఒకచోట నుంచి మరోచోటికి ఎగిరిపడినట్టు కనిపిస్తాడు. ఫ్రేముల సంఖ్య పడిపోవడానికీ దానికీ సంబంధం లేదు. ఇవన్నీ ఒక ఎత్తు, అమ్మేటప్పుడు చెప్పిన మాట ఒక ఎత్తు: "డ్రైవర్ మాత్రం ఎప్పుడూ అప్‌డేట్ చేయకండి, వారంటీ పోతుంది." ఈ మాట ఏ దుకాణంలో వినిపించినా అక్కడ ఒక్క రూపాయి కూడా పెట్టకండి. డ్రైవర్ అంటే కార్డును విండోస్‌తో కలిపి పనిచేయించే ప్రోగ్రాము, దాన్ని మార్చినంత మాత్రాన ఏ వారంటీ పోదు. కొత్త డ్రైవర్ వేస్తే నకిలీ కార్డు తెర నల్లబడి గుట్టు బయటపడుతుంది, వాళ్ల భయమంతా అదే.

ఆట సరిగా నడవకపోవడానికి మామూలు కారణాలు కూడా చాలా ఉంటాయి, వాటినీ చూశాం. మానిటర్ కేబులు గ్రాఫిక్స్ కార్డుకు కాకుండా మదర్‌బోర్డుకు పెట్టడం అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది. ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ సెట్టింగు ఆన్ చేయకపోవడం, కార్డు వేడెక్కి వేగం తగ్గించుకోవడం లాంటివి ఆ తర్వాత. అవేవీ కావు. ఆట నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ప్రాసెసర్ 30 శాతం దగ్గరే ఉంది, గ్రాఫిక్స్ కార్డు మాత్రం 99 దగ్గర ఉంది. అంటే కార్డు తన శక్తినంతా పెట్టినా అంతకు మించి లాగలేకపోతోందన్నమాట. ఈ అంకెలు తారుమారై ప్రాసెసర్ నిండిపోయి ఉంటే లోపాన్ని అక్కడ వెతకాలి.

అసలు సంగతి తేల్చింది జీపీయూ-జెడ్. టెక్‌పవర్‌అప్ వాళ్ల ఉచిత ప్రోగ్రాము ఇది, వాళ్ల సొంత సైటు నుంచే దించుకోండి. 2018 నుంచి ఇందులో నకిలీ ఎన్విడియా (జీటీఎక్స్ చిప్పులు తయారుచేసే సంస్థ) కార్డులను పట్టే ఏర్పాటు ఉంది. తెరవగానే కార్డు పేరుకు ముందు 'ఫేక్' అని వచ్చింది, ఎన్విడియా గుర్తు ఉండాల్సిన చోట హెచ్చరిక త్రికోణం కనిపించింది. చిప్పు గడిలో 1050 టీఐకి ఉండాల్సిన జీపీ107 బదులు 550 టీఐది జీఎఫ్116, షేడర్ల (చిప్పులో లెక్కలు చేసే చిన్న విభాగాల) గడిలో 768 బదులు 192. మోసం జరిగేది కార్డు బయోస్‌లో, అంటే తన వివరాలు చెప్పుకునేందుకు కార్డులోనే ఉండే చిన్న ప్రోగ్రాములో. పాత కార్డు బయోస్‌ను తిరగరాసి కొత్త కార్డు పేరు, ఎక్కువ మెమరీ చూపేలా చేస్తారు. విండోస్ అదే నమ్మి మనకు చూపిస్తుంది. నిజంగా ఉన్నది 1 జీబీ. ఆటకు అంతకన్నా ఎక్కువ కావలసి రాగానే ఆ రంగుల చారలు, ఆట మూసుకుపోవడం.

అయినా దుకాణం వాళ్లు ఒప్పుకోలేదు, ఆ ప్రోగ్రామే తప్పు అన్నారు. అందుకని సికింద్రాబాద్‌ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో రిపేర్లు చేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ఫ్యాన్ విప్పి, మట్టిలా ఎండిపోయిన థర్మల్ పేస్టును తుడిచి, సెల్‌ఫోన్ లైటు వేసి చూపించారు. చిప్పు మీద సన్నని అక్షరాల్లో జీఎఫ్116, దాని కింద 11తో మొదలయ్యే తేదీ సంకేతం. మొదటి రెండంకెలు సంవత్సరం, తర్వాతి రెండు వారం. అసలైన 1050 టీఐ వచ్చింది 2016 అక్టోబరులో. 550 టీఐ లాంటి ఈ పాత ఫెర్మి తరానికి కొత్త డ్రైవర్లు ఇవ్వడం ఎన్విడియా 2018 ఏప్రిల్‌లోనే మానేసింది, వల్కన్ అనే కొత్త గ్రాఫిక్స్ పద్ధతితో మాత్రమే నడిచే ఆటలు దీని మీద అసలు మొదలే కావు. ఆ పెద్దమనిషి మా దగ్గర డబ్బు కూడా తీసుకోలేదు.

కార్డు విప్పనక్కర్లేకుండా పైనుంచే అనుమానించదగ్గ గుర్తు వీజీఏ పోర్టు. 1050 టీఐది పాస్కల్ తరం, ఆ చిప్పులు వీజీఏకు కావలసిన అనలాగ్ సంకేతం పంపవు, కాబట్టి అసలైన 1050 టీఐకి మామూలుగా నీలం రంగు వీజీఏ పోర్టు ఉండదు. మా కార్డుకు ఉంది. పెట్టె మీద తయారీ సంస్థ పేరు లేకుండా ఉత్త 'జీటీఎక్స్ 1050 టీఐ' అని మాత్రమే ఉన్నా అనుమానించండి.

నకిలీ కాకపోయినా పేరు చూసి పొరబడే కార్డులు కూడా ఉన్నాయి. ఆర్‌టీఎక్స్ 3050లో 8 జీబీది వేరు, 2024లో వచ్చిన 6 జీబీది వేరు. మెమరీ ఒక్కటే కాదు, కోర్లు కూడా 2560 నుంచి 2304కు తగ్గాయి. జీటీ 1030లో జీడీడీఆర్5 మెమరీ ఉన్న రకానికీ డీడీఆర్4 మెమరీ ఉన్న రకానికీ మెమరీ వేగంలో దాదాపు మూడు రెట్ల తేడా. అమ్మేవాళ్లు ఆ చివరి ముక్క చెప్పరు, మనమే అడగాలి.

మా బిల్లులో 'గ్రాఫిక్స్ కార్డు 4 జీబీ' అని మాత్రమే రాశారు. మోడలూ లేదు, సీరియల్ నంబరూ లేదు. మీరు మాత్రం జీఎస్టీ బిల్లులో సంస్థ, మోడలు, సీరియల్ నంబరు రాయించుకోండి, ఆ నంబరు కార్డు మీద ఉన్నదానితో కలుస్తోందో లేదో అక్కడే చూడండి. దుకాణం వాళ్లు మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. మేము అక్కడ ఫిర్యాదు నమోదు చేయించి, జీపీయూ-జెడ్ తెర ఫొటో, చిప్పు ఫొటో జత చేశాకే వాళ్లు కార్డు డబ్బు వెనక్కి ఇచ్చారు. ర్యామ్ డబ్బు, ఫార్మాట్ డబ్బు ఇంకా ఇవ్వలేదు. అప్పటికీ దారికి రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు, గడువు రెండేళ్లు.

మా కార్డు వెనక్కి తీసుకున్న తర్వాత కూడా అవే పెట్టెలు ఆ దుకాణం అద్దాల అరలో ఉన్నాయి. ఈ మధ్యే చూసి వచ్చాను. అందుకే చెబుతున్నాను: జీపీయూ-జెడ్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లండి. డబ్బు ఇచ్చే ముందు వాళ్ల ఎదురుగానే తెరవండి, ఎన్విడియా సైటు నుంచి ఆ కార్డుకు తాజా డ్రైవర్ వేయించండి, ఒక భారీ ఆటను పావుగంట నడిపించి చూడండి. ఇప్పటికే కొని ఇలాంటి ఇబ్బంది పడుతున్నవాళ్లు జీపీయూ-జెడ్ తెర ఫొటో, కార్డు పోర్టుల వైపు ఫొటో నాకు పంపండి, అసలుదో నకిలీదో చూసి చెబుతాను.