అవిసె గింజలా, నువ్వులా: పెద్దపేగు క్యాన్సర్ విషయంలో ఏది మేలు?

అమలాపురం మొదలుకొని భీమవరం, తణుకు దాకా పాఠకులు తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది: పెద్దపేగు క్యాన్సర్ రాకుండా ఉండాలంటే అవిసె గింజలు కొని తినాలా, ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న నువ్వులు చాలవా? ఏ గింజ అయినా మనుషుల్లో ఈ క్యాన్సర్‌ను ఆపుతుందని ఇంతవరకు రుజువు కాలేదు. మలంలో రక్తం కనిపించినవారు, కుటుంబంలో ఈ జబ్బు ఉన్నవారు గింజల సంగతి పక్కనపెట్టి వైద్యుణ్ణి కలవాలి. ఉన్న ఆశకు ఆధారం ప్రధానంగా ఎలుకల మీద జరిగిన ప్రయోగాలే. 1996లో టొరంటో పరిశోధకులు క్యాన్సర్ కారక రసాయనం ఇచ్చిన ఎలుకలకు అవిసెలను, వాటిలో ఉండే లిగ్నాన్ అనే మొక్కల పదార్థాన్ని పెట్టి చూసినప్పుడు, పేగులో క్యాన్సర్‌కు ముందు కనిపించే మార్పులు తగ్గాయి.

అయితే ఈ లిగ్నాన్ గింజలో ఉన్న రూపంలో పెద్దగా ఉపయోగపడదు. పెద్దపేగులోని బాక్టీరియా దాన్ని ఎంటిరోడయోల్, ఎంటిరోలాక్టోన్ అనే పదార్థాలుగా మార్చాలి. యాంటీబయాటిక్స్ వాడిన తరువాత కొంతకాలం ఎంటిరోలాక్టోన్ తగ్గిపోవడానికి కారణం ఇదే. కాబట్టి గింజలో లిగ్నాన్ ఎంత ఉందన్న దానికంటే ఆ బాక్టీరియాకు ఎంత అందుతుందన్నదే నా దృష్టిలో అసలు విషయం. అవిసె గింజ పైపొర గట్టిది, నున్ననిది. నమలకుండా మింగితే చాలావరకు అలాగే బయటికి పోతుంది. 2005లో వెలువడిన ఒక అధ్యయనంలో, మెత్తగా పొడి చేసిన అవిసెలతో పోలిస్తే, చితక్కొట్టినవి తిన్నప్పుడు 43 శాతం, గింజలుగానే తిన్నప్పుడు 28 శాతం మాత్రమే ఈ పదార్థాలు ఒంటికి పట్టాయి. అదే ఏడాది మరో అధ్యయనంలో, ముట్లుడిగిన స్త్రీలకు నాలుగు వారాలపాటు రోజుకు 25 గ్రాముల చొప్పున పొడి చేయని అవిసెలను, నువ్వులను ఇచ్చి మూత్రంలో ఈ పదార్థాలు ఎంత ఉన్నాయో పరీక్షిస్తే, రెండూ దాదాపు సమానంగానే నిలిచాయి.

అంటే మెత్తగా పొడి చేసుకుంటే అవిసెలదే పైచేయి కావచ్చు. కాని ఆ పొడి త్వరగా కనరెక్కుతుంది కాబట్టి కొద్దికొద్దిగా చేసుకోవాలి, నీళ్లు కూడా బాగా తాగాలి. ఇంత శ్రద్ధ ఏళ్ల తరబడి నిలుస్తుందా అన్నదే నా సందేహం. నువ్వులను మన ఇళ్లలో వేయించి, దంచి వాడుకోవడం ఎప్పటినుంచో ఉన్నదే. వంకాయ కూరలో చల్లే నువ్వుల పొడికి కొత్తగా అలవాటు పడనక్కరలేదు. అందుకే నా మొగ్గు నువ్వులవైపే. నువ్వులు, బెల్లం కలిపి దంచే చిమ్మిలిని మాత్రం ఈ లెక్కలో చేర్చను, అందులో బెల్లం వాటా ఎక్కువ.

మెంతుల్లోని డయోస్‌జెనిన్ అనే పదార్థం కూడా ఎలుకల్లో కొంత ఫలితం చూపింది గాని, ఆ చేదుతో మనం తినేది చిటికెడే. ఆవాలను నూరినప్పుడు పుట్టే ఘాటైన ఐసోథయోసయనేట్ల మీదా పరిశోధనలు ఉన్నాయి. ఆవ పెట్టిన పనసపొట్టు కూర తినడానికి అదొక సాకు, అంతే.

అవిసె నూనె క్యాప్సూల్స్ గురించి అడిగినవారికి: లిగ్నాన్ నూనెలోకి దాదాపు రాదు, పిండిలోనే మిగిలిపోతుంది. నువ్వుల్లోని సెసమిన్ అనే లిగ్నాన్ నూనెలో కరుగుతుంది కాబట్టి పప్పునూనెలో (నువ్వుల నూనెలో) కొంత ఉంటుంది, పీచు మాత్రం గింజ తింటేనే దొరుకుతుంది.